చంద్రుడి దూరంలో 45 కారణాంకాలు

శ్రీహరికోట తీరం నుంచి రాకెట్ లేచిన ప్రతిసారీ మన కరెంట్ అఫైర్స్ నోట్సులో అరపేజీ పెరుగుతుంది. 2023 జులై 14న శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3, ఆగస్టు 23న ల్యాండింగ్, ఆ రోజే జాతీయ అంతరిక్ష దినోత్సవం. ఇవన్నీ బట్టీ పడతాం. పక్కనే ఉన్న 3,84,400 కిలోమీటర్లు మాత్రం ఒక బిట్‌గా చదివి వదిలేస్తాం. అసలు సరుకంతా అందులోనే ఉంది.

చివరి రెండు సున్నాలు పక్కన పెడితే మిగిలేది 3844, అంటే 62 వర్గం. కాబట్టి 3,84,400 అంటే 620 × 620, పరిపూర్ణ వర్గం. ప్రధాన కారణాంకాలుగా విడగొడితే 2 నాలుగుసార్లు, 5 రెండుసార్లు, 31 రెండుసార్లు వస్తాయి. ఒక్కో ఘాతానికి ఒకటి కలిపి గుణిస్తే 5 × 3 × 3 = 45 కారణాంకాలు. బేసి సంఖ్య ఎందుకొచ్చిందంటే, కారణాంకాలు మామూలుగా జతలుగా ఉంటాయి. ఇక్కడ 22 జతలు పోగా 620 ఒంటరిగా మిగులుతుంది, దాని జత అదే కదా! పరిపూర్ణ వర్గాలకు మాత్రమే ఇలా బేసి లెక్క వస్తుంది. ఒకటి తగ్గించి చూడండి: 3,84,399 అంటే 619 × 621. దీనికి 16 కారణాంకాలే. క్యాలిక్యులేటర్ లేని పరీక్షలో ఈ తేడా తెలిసినవాళ్లకు అర నిమిషం మిగులుతుంది. ఒక్క మార్కుతో ఉద్యోగం చేజారే పోటీలో అది చిన్న విషయం కాదు.

అయితే సోషల్ మీడియాలో ఇలాంటివి చూపించి ‘ప్రకృతి రహస్యం’ అంటుంటారు, నమ్మకండి. 3,84,400 అనేది సవరించిన సగటు. చంద్రుడు దాదాపు 3.63 లక్షల నుంచి 4.05 లక్షల కిలోమీటర్ల మధ్య తిరుగుతుంటాడు. అదే సగటును మైళ్లలో చెబితే సుమారు 2,38,855. వర్గం 5తో ముగిస్తే చివర 25 ఉండి తీరాలి, ఇక్కడ 55 ఉంది. అంటే ఇది వర్గమే కాదు. కొలమానం మారగానే గుణం పోయింది. అది సంఖ్యకున్న గుణం, చంద్రుడిది కాదు. డేటా అనాలిసిస్ ఉద్యోగాల వైపు చూస్తున్నవాళ్లకు ఈ ముక్క బాగా పనికొస్తుంది.

జీకేలో ఇంకో మెలిక కూడా ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. పాత గైడ్లలో ఇంకా నెల్లూరనే ఉంటుంది.

తేదీల లెక్క కూడా సరదాగానే ఉంటుంది. జులై 14 శుక్రవారం. 40 రోజుల తర్వాత ల్యాండింగ్. 40ని 7తో భాగిస్తే శేషం 5, అంటే బుధవారం. శ్రీహరికోట నుంచి 100వ ప్రయోగం, జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్15, 2025 జనవరి 29న జరిగింది. ల్యాండింగ్ నుంచి అప్పటికి 525 రోజులు. శేషం సున్నా కనుక అదీ బుధవారమే. మధ్యలో 2024 ఫిబ్రవరి 29ని మర్చిపోయినవాళ్లకు మంగళవారం వస్తుంది. ఆప్షన్లలో అదీ తప్పకుండా ఉంటుంది మరి.