రెండు కొండలూ, ఒక సూర్యుడూ

మావాడికి బొమ్మలు వెయ్యడం వచ్చునని మొన్నమొన్నటిదాకా నలుగురితోనూ చెప్పుకుంటూ వచ్చాను. వాడికి తొమ్మిదేళ్ళు. నిరుడు బడిలో పెట్టిన పోటీలో రెండో బహుమతి తెచ్చుకున్నాడు. స్టీలు గిన్నె ఇచ్చారు. ఆ గిన్నెలోనే ఇప్పటికీ మేం పెరుగు తోడు పెట్టుకుంటున్నాం.

ఆ బొమ్మ ఏమిటో నేను చెప్పక్కర్లేదు, మీరే ఊహించగలరు. రెండు కొండలు. వాటి నడుమనుంచి తొంగిచూసే సూర్యుడు, చుట్టూ చువ్వల్లాంటి కిరణాలు. కొండల సందులోంచి వంకరటింకరగా దిగివచ్చే నది. నది పక్కన గుడిసె, గుడిసె పక్కన కొబ్బరిచెట్టు. ఆకాశంలో రెండేసి గీతలతో నాలుగు పక్షులు. మీ ఇంట్లో పిల్లలూ ఇదే వేసి ఉంటారు. ఆ మాటకొస్తే మీరూ వేసే ఉంటారు.

నేనూ వేశాను. అయిదో తరగతిలో మా టీచరుగారు నల్లబల్లమీద వేస్తే చూసి వేశాను. బాగుందనిపించుకున్నాను. ముప్ఫై ఏళ్ళు గడిచాక మావాడు తెల్లకాగితం పట్టుకొచ్చి, "అమ్మా, ఏం బొమ్మ వెయ్యనే?" అంటే, వాడి చెయ్యి పట్టుకుని ఆ కొండలే దిద్దించాను. తాతల నాటి నగని అప్పగించినంత మురిపెంగా అప్పగించాను.

మా వీధి చివర గ్రంథాలయం ఉంది. కింద పత్రికలు చదువుకునేవాళ్ళు, పైన ఒక హాలు. ఆ హాల్లో ఆదివారం సాయంత్రాలు పిల్లలకి బొమ్మలు నేర్పుతున్నారని విని మావాణ్ణి తీసుకెళ్ళాను. నేర్పేది రిటైరయిన ఒక డ్రాయింగు మాస్టారు. ఫీజు లేదు. కాగితాల ఖర్చు అందరూ పంచుకోవాలి. షరతు మాత్రం ఒకటుంది: పిల్లలతోపాటు ఇంట్లో పెద్దవాళ్ళు ఒకరు వచ్చి, చాపమీద కూచుని, తామూ బొమ్మ వెయ్యాలి.

"మేమెందుకండీ, మాస్టారూ?" అన్నాను.

"పిల్లలకి నేర్పడానికి ఆదివారం ఒక గంట చాలమ్మా. వారం పొడుగునా ఇంట్లో మీరు నేర్పేదాన్ని మరిపించడానికే నాకు టైము చాలడం లేదు," అన్నారాయన.

కాలేజీలో పాఠం చెప్పే మనిషిని, నాకు కాస్త చివుక్కుమన్న మాట నిజమే. మావారికేమో ఆదివారం సాయంత్రమే ఎక్కడలేని ఫోన్లూ వస్తాయి. అంచేత నేనే చాపమీద కూచున్నాను. నా ఎడమపక్క ఒక బాంకి ఆఫీసరుగారు, కూతురితో. కుడిపక్క ఆటో నడుపుకునే అతను, ఇద్దరు పిల్లలతో. ఎదురుగా మనవణ్ణి తీసుకొచ్చిన ఒక మామ్మగారు.

మాస్టారు అందరికీ తలో కాగితం ఇచ్చి, "మీ ఇష్టం వచ్చిన బొమ్మ వెయ్యండి," అన్నారు. అయిదు నిమిషాలయ్యాక హాలంతా ఒక చుట్టు చుట్టి వచ్చి, "కొండలు వెయ్యనివాళ్ళు చేతులెత్తండి," అన్నారు. ఎత్తినవి మూడు చేతులు. అందులో ఒకటి మామ్మగారిది. ఆవిడ పదిహేను చుక్కల ముగ్గు వేసింది. పెన్సిలు ఎత్తకుండా వేసిందని పిల్లలంతా చుట్టూ మూగారు.

తరవాత ఆయన మావాడి దగ్గర కూచుని, నెమ్మదిగానే అడిగారు. "చాలా శుభ్రంగా వేశావు, నాన్నా. ఈ కొండలు ఎక్కడివి?"

మావాడు మాట్లాడలేదు.

"మన ఊళ్ళో సూర్యుడు ఎటువైపు అస్తమిస్తాడు?"

మావాడు నా వైపు చూశాడు. నేను చూరువైపు చూశాను.

"సరే, కొండలు లేకుండా ఒక బొమ్మ వెయ్యి, చూద్దాం," అని మాస్టారు ఇంకో కాగితం ఇచ్చారు. వాడు పావుగంట సేపు ఆ కాగితం ముందు కూచున్నాడు. ఒక్క గీత పడలేదు. దారిలో వాడేమీ మాట్లాడలేదు. రాత్రి పక్కమీద పడుకున్నాక మెల్లిగా అన్నాడు: "అమ్మా, నాకు బొమ్మలు రావుట కదూ?"

నాకు ఒళ్ళు మండిపోయింది. బహుమతి తెచ్చుకున్న పిల్లవాడి చేత ఏమీ రాదనిపించడమూ ఒక చదువేనా? వచ్చే ఆదివారంనుంచి పంపకూడదని తీర్మానించుకుని, నిద్రపట్టక, దిద్దవలసిన కాగితాలు ముందేసుకున్నాను.

డిగ్రీ పిల్లలకి "మా ఊరు" అని వ్యాసం ఇచ్చాను. మొదటి కాగితంలో ఊరు పచ్చని పొలాలతో, గలగల పారే సెలయేళ్ళతో కళకళలాడుతోంది. రెండోదాంట్లోనూ అంతే. మూడోది రాసిన అమ్మాయి ఇల్లు రైలుస్టేషను వెనకాల సందులో ఉంది, నాకు తెలుసు. వాళ్ళ ఊళ్ళోనూ సెలయేళ్ళు గలగల పారుతున్నాయి. ఎర్రసిరా కలంతో "సొంతంగా రాయాలి" అని రాయబోయి ఆగాను. నిరుడు ఇలాంటి సెలయేటికే నేను పదికి ఎనిమిది మార్కులు వేశాను. తప్పుల్లేకుండా ఉంది, వేశాను. ఆ అమ్మాయికి సెలయేరు ఇచ్చిన చెయ్యి ఎవరిదో గాని, మార్కులు ఇచ్చిన చెయ్యి నాదే. మావాడి చేత కొండలు దిద్దించిన చెయ్యీ ఇదే.

కలం మూసేశాను. తరవాతి ఆదివారం ఇద్దరమూ వెళ్ళాం.

ఆ వేళ క్లాసు హాల్లో కాదు, పుష్కరాల రేవులో. బయల్దేరేముందు మాస్టారు మాకు బొగ్గు చెయ్యడం చూపించారు. మీరూ చేసుకోవచ్చు; పైసా ఖర్చు లేదు. వేలెడంత చింతపుల్లలు బెరడు గీకి, మూత ఉన్న చిన్న రేకుడబ్బాలో ఒత్తుగా నింపాలి. మూతకి మేకుతో ఒక బెజ్జం పెట్టి, డబ్బాని నిప్పులమీద ఉంచాలి. బెజ్జంలోంచి పొగ రావడం ఆగిపోతే పుల్లలు బొగ్గయినట్టు. డబ్బా పూర్తిగా చల్లారాకనే మూత తియ్యాలి. వేడిమీద తీస్తే గాలి తగిలి బూడిదే మిగులుతుంది. నిప్పు పని పెద్దవాళ్ళది, పిల్లలది కాదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు బట్టమీద తొలిగీతలు గీసేది ఈ చింతబొగ్గుతోనే. తప్పు పోతే దులిపేస్తే పోతుంది. రబ్బరు అక్కర్లేదు.

రేవు మెట్లమీద కూచున్నాం. రాజమండ్రి గోదావరికి తూర్పుగట్టున ఉంది. పొద్దు గుంకేది అవతల కొవ్వూరు వైపు. నది, నదిమీద వంతెనలు, అవతలి గట్టున సన్నని చెట్ల వరస. కొండల జంట ఎక్కడా లేదు. ఇరవయ్యేళ్ళుగా ఈ ఊళ్ళో కాపురం ఉంటూ సూర్యుడు ఎటు దిగుతాడో నా కొడుక్కి నేను చూపించలేదు.

పాత రైలు వంతెన, హేవలాక్ వంతెన, 1900లో తెరిచారు. 1997లో దానిమీద రైళ్ళు మానేశాయి. స్తంభానికీ స్తంభానికీ మధ్య ఖాళీలు 56. మావాడు లెక్కపెట్టడం మొదలెట్టి, ఇరవై దాటాక తప్పి, మళ్ళీ మొదలెట్టి, విసుగొచ్చి, బొగ్గు తీసి స్తంభాలు వెయ్యసాగాడు. కొండలు లేకపోతే ఏం వెయ్యాలని ఈసారి నన్ను అడగలేదు.

పక్కనుంచి చూస్తున్నాను. స్తంభం కంటే నీళ్ళలో దాని నీడ రెండింతలు పొడుగు వేస్తున్నాడు. నోటిదాకా వచ్చింది, "నీడ అంత పొడుగుండదురా" అని. అదృష్టంకొద్దీ అనేముందు నదివైపు చూశాను. నీడ నిజంగానే అంత పొడుగుంది. మాస్టారిని అడిగితే చెప్పారు: నీరు కదలకుండా ఉంటే నీడ వస్తువంతే ఉంటుందిట, అలలున్నప్పుడు ఒక్కొక్క అల ఒక్కొక్క అద్దం ముక్కలా వాలి, నీడని మనవైపు సాగదీస్తుందిట. నేను బుద్ధితో దిద్దబోయిన తప్పుని మావాడు కళ్ళతో చూసి ఒప్పుగా వేశాడు. ఆ ఒక్క మాట నోరు జారి ఉంటే వాడు నీడని తుడిచి, నా నీడ వేసి ఉండేవాడు.

ఇక నా బొమ్మ. నా వంతెన గోడకి చేరవేసిన నిచ్చెన జారిపడ్డట్టు వచ్చింది. మావాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పరవాలేదులే అమ్మా, మొదటిసారి కదా," అన్నాడు. పెద్దవాళ్ళు కూడా వెయ్యాలన్న షరతు ఎందుకో అప్పుడు నాకు అర్థమయింది. చాపమీద పక్కన కూచున్నవాళ్ళకి పిల్లల బొమ్మమీద తీర్పు చెప్పే తీరిక ఉండదు. తమ నిచ్చెన గొడవ తమకే చాలు.

ఇంకో ఆదివారం మాస్టారు మమ్మల్నందరినీ దామెర్ల రామారావు చిత్రశాలకి నడిపించారు. అది మా ఊళ్ళోదే. నేను అదివరకు చూడలేదని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. రామారావు 1897లో పుట్టాడు. ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే దొర ఆ కుర్రవాడి చేతిలో ఏముందో కనిపెట్టి ప్రోత్సహించాడు. అడివి బాపిరాజుకీ అండగా నిలిచినవాడు ఆ దొరే. రామారావు బొంబాయి జె. జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదువుకుని, తిరిగివచ్చి, స్నేహితులతో కలిసి సొంత ఊళ్ళోనే చిత్రకళాశాల పెట్టాడు. 1925లో మశూచికం సోకి, ఇరవై ఎనిమిదేళ్ళయినా నిండకుండా పోయాడు. ఆయన స్నేహితుడు వరదా వెంకటరత్నం ఆ తరవాత కూడా ఆ పని సాగించారు.

"నందిపూజ" ముందూ "పుష్పాలంకరణ" ముందూ పిల్లలు ఎంతసేపు నిలబడ్డారో మాస్టారు తొందర చెయ్యలేదు. నన్ను పట్టుకున్న సంగతి మాత్రం వేరు. రామారావు భార్య సత్యవాణి చిత్రాలు వేసింది. ఆయన తోబుట్టువు దిగుమర్తి బుచ్చికృష్ణమ్మా వేసింది. కుటుంబమంతా కలిసి కుంచె పట్టడం ఈ ఊరికి కొత్తగా వచ్చిన సరదా కాదు; నూరేళ్ళ కిందట ఇక్కడ ఉన్నదే. మనమే మరిచిపోయాం.

రామారావు పుట్టిన ఆ 1897లోనే హేవలాక్ వంతెన పని మొదలయింది. ఆ ఏడే ఎక్కడో వియన్నాలో ఫ్రాంజ్ చిజెక్ అనే ఆయన పిల్లలకోసం ఒక తరగతి తెరిచాడు. అచ్చుబొమ్మలు చూసి దిద్దించడం మాని, వాళ్ళ మనసులో ఉన్నదాన్ని వాళ్ళచేత వేయించాడు. మా మాస్టారు చేస్తున్నదీ అదే.

ఇలాంటిది మీ వీధిలోనూ పెట్టుకోవచ్చు. ఒక హాలో, డాబాయో, గుడి మండపమో చాలు. ఒకవైపు అచ్చయిన పాత కాగితాలూ, చింతబొగ్గూ, నాలుగు రంగులూ, పాత చాపలూ చాలు. మా మాస్టారి నియమాలు నాలుగే: రబ్బరు లేదు, బహుమతులు లేవు, పిల్లల బొమ్మమీద పెద్దవాళ్ళు చెయ్యి వెయ్యకూడదు, "ఇదేమిటి?" అని అడక్కుండా, "దీని గురించి చెప్పు," అనాలి. ఆఖరిది తేలికనుకోకండి. నాకింకా పూర్తిగా రాలేదు.

అంతా సుఖాంతమని చెప్పను. బాంకి ఆఫీసరుగారు రెండు నెలలు వచ్చి, ఇందులో పరీక్షా లేదు, సర్టిఫికెట్టూ లేదని మానేశారు. వాళ్ళమ్మాయి అప్పుడప్పుడు గ్రంథాలయం గేటు దగ్గర నిలబడి పైకి చూస్తూ కనిపిస్తుంది. మొన్ననే మావాడి బడిలో మళ్ళీ పోటీ పెట్టారు. వాడు వంతెన వేశాడు, పొడుగాటి నీడలతో. బహుమతి రాలేదు. మొదటి బహుమతి ఎవరికి వచ్చిందనుకున్నారు? రెండు కొండలకే.

ఆ రాత్రి వాడు పక్కమీద మళ్ళీ అడిగాడు. "వచ్చే ఏడు కొండలే వేసెయ్యనా అమ్మా? గిన్నె వస్తుంది."

వద్దనడానికి నాకు నోరు రాలేదు. బహుమతి తెచ్చుకోవాలనుకోవడం తొమ్మిదేళ్ళవాడి తప్పు కాదు. వెయ్యమని అనడానికీ నోరు రాలేదు. "కొండలు కావాలంటే వేద్దువుగాని. ముందు ఒకసారి పాపికొండలకి వెళ్ళి, కొండలు ఎలా ఉంటాయో ఇద్దరం చూసొద్దాం," అన్నాను. వాడు లేచి కూచుని, పడవలో వెళదామా, బొగ్గు ఎన్ని పుల్లలు తీసుకెళదాం అని ప్రశ్నలు మొదలెట్టాడు. గిన్నె మాట మళ్ళీ ఎత్తలేదు. రేపు ఎత్తుతాడేమో, చెప్పలేను.

కాలేజీలో ఆ వ్యాసాలన్నీ తిరిగి ఇచ్చేశాను. ఇంటినుంచి కాలేజీదాకా వచ్చే దారిలో కనబడేవి పది వస్తువులు రాసుకురమ్మన్నాను. రైలుస్టేషను వెనకాల సందు అమ్మాయి పదిహేడు రాసుకొచ్చింది. వాటిలో సెలయేరు లేదు.

ఇంతకూ నా నిచ్చెన ఈ వారం కొంచెం వంతెనలాగే కనిపిస్తోందని మావాడి అభిప్రాయం.