“మా వాడికి ఫొటోల పిచ్చి, మేడమ్!”



పేరెంట్స్ మీటింగుల్లో ఈ మధ్య నాకు తరచూ వినిపిస్తున్న మాట ఇది. “చదువు పక్కన పెట్టి ఫోన్ పట్టుకుని పొలాల వెంట, చెరువుల వెంట తిరుగుతున్నాడు, మీరైనా చెప్పండి” అంటారు. మీ బాధ నాకు అర్థమవుతుంది. పదో తరగతి దగ్గరపడుతోంది, ఎంపీసీనా బైపీసీనా తేలాలి, ఫీజులు ఊరికే రావడం లేదు. అయినా ఈ నెల ఆ పిల్లల తరఫున నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

పాత కంప్యూటర్ తెరపై పచ్చని గుట్ట, నీలాకాశం, తెల్లని మబ్బులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. అది గీసిన బొమ్మ కాదు. 1996లో చార్ల్స్ ఓరియర్ అనే ఫొటోగ్రాఫర్ అమెరికాలోని కాలిఫోర్నియాలో దారిన పోతూ కారు ఆపి తీసిన ఫొటో. ఆయన దాన్ని ఒక స్టాక్ ఏజెన్సీలో ఉంచారు. మైక్రోసాఫ్ట్ కొనుక్కుని 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో వాడుకుంది. స్టాక్ ఫొటోగ్రఫీ అంటే ఇదే. ఎవరో అడిగితే తీసేది కాదు. ముందే తీసి ఏజెన్సీలో ఉంచితే, పత్రికలు, కంపెనీలు, పాఠ్యపుస్తకాల వాళ్లు డబ్బు కట్టి వాడుకుంటారు.

అయితే ఆ కారు ఆపే నాటికి ఓరియర్ నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికకు ఏళ్ల తరబడి ఫొటోలు తీసిన మనిషి. ఆ సంగతి పిల్లలకు తప్పకుండా చెప్పండి.

డబ్బు సంగతీ దాచకుండా మాట్లాడుకుందాం. అడోబీ స్టాక్ ఫొటో అమ్మకంలో 33 శాతం ఇస్తుంది. షటర్‌స్టాక్ 15 నుంచి 40 శాతం వరకు ఇస్తుంది. ఏడాదిలో ఎన్ని అమ్ముడైతే అంత పై మెట్టు, మళ్లీ జనవరి రాగానే మొదటి మెట్టు. ఒక్క డౌన్‌లోడ్‌కు పది రూపాయలు కూడా రాని సందర్భాలుంటాయి. అందుకే నాలుగు మంచి ఫొటోలతో ఇది జీతం కాదు. వందలు, వేల ఫొటోలు ఓపికగా పేర్చుకుంటూ పోయినవాళ్లకే నిలకడగా ఆదాయం వస్తుంది. పైగా ఖాతా తెరవాలంటే 18 ఏళ్లు నిండాలి. కాబట్టి మన పిల్లలకు ఇది ఇప్పుడు సంపాదన మార్గం కాదు, నేర్చుకునే కాలం.

మరి ఏం నేర్చుకుంటారు? ఇంగ్లిష్ టీచర్‌గా నాకు ముందు కనిపించేది భాష. ఏజెన్సీలో ప్రతి ఫొటోకూ ఒక శీర్షిక, దాదాపు 50 వరకు కీవర్డ్‌లు ఇవ్వొచ్చు. కొనేవాళ్లు ఆ మాటలతోనే వెతుకుతారు. మిర్యాలగూడ రైస్ మిల్లులో ఒక ఫొటో తీశాడనుకోండి. వడ్లు, బియ్యం, నూకలు, తవుడు, ఊక అని మనకు వేర్వేరు మాటలున్నాయి. ఇంగ్లిష్‌లో పాడీ, రైస్, బ్రోకెన్ రైస్, బ్రాన్, హస్క్ అని రాయాలి. అన్నిటికీ ‘రైస్’ అని రాస్తే ఆ ఫొటో ఎవరికీ దొరకదు. బతుకమ్మలో తంగేడు పువ్వును ఫొటో తీస్తే దాని శాస్త్రీయనామం సెన్నా ఆరిక్యులేటా అని వెతికి రాయాలి. గ్రామర్ పుస్తకంలో వంద సార్లు రాయించినా రాని శ్రద్ధ ఇక్కడ దానంతట అదే వస్తుంది.

రెండోది, మన ఊరిని కొత్తగా చూడటం. సూర్యాపేట పక్కనే పిల్లలమర్రిలో కాకతీయుల కాలపు గుళ్లున్నాయి. ఫణిగిరిలో బౌద్ధ క్షేత్రముంది. రెండేళ్లకోసారి పెద్దగట్టు జాతర జరుగుతుంది. సాగర్ ఎడమ కాలువ కింద నాట్లు, కోతలు ఉన్నాయి. ఇప్పుడు కృత్రిమ మేధ అడిగిందల్లా బొమ్మగా ఇచ్చేస్తోంది. కానీ కోదాడ దగ్గర పొలంలో వంగి నాటు వేస్తున్న మనిషి చేతికంటిన బురదను అది చూడలేదు. అక్కడికి వెళ్లి చూసి తీసిన ఫొటోకు విలువ ఉంటుందని నా నమ్మకం.

మూడోది అన్నిటికంటే ముఖ్యం: అనుమతి. 2018 ఆగస్టులో రైతు బీమా, కంటి వెలుగు పథకాల పత్రికా ప్రకటనల్లో మన సూర్యాపేట జిల్లాకే చెందిన ఒక మహిళ ఫొటో వచ్చింది. ఒకదానిలో ఆమె పక్కన భర్త ఉన్నాడు. ఇంకోదానిలో ఆ స్థానంలో ఎవరో వేరే మనిషి! ఆ కుటుంబం పడిన అవమానం అప్పట్లో వార్తల్లో చూశాం. కంప్యూటర్‌లో ఒక ముఖం తీసి ఇంకో ముఖం పెట్టినవాళ్లకు అది ఐదు నిమిషాల పని. ఆ ఇంటివాళ్లకు అది ఊళ్లో తలెత్తుకోలేని సంగతి.

అందుకే వ్యాపార ప్రకటనలకు వాడే ఫొటోలో మనిషి గుర్తుపట్టేలా కనిపిస్తే, ఆ మనిషి సంతకం చేసిన మోడల్ రిలీజ్ పత్రం కావాలని ఏజెన్సీలు అడుగుతాయి. పిల్లలైతే తల్లిదండ్రులు సంతకం చేయాలి. జాతరలో జనం ఫొటోల్లాంటివి వార్తలకు, సమాచారానికి మాత్రమే పనికొచ్చే ఎడిటోరియల్ విభాగంలోకి వెళ్తాయి. “అవ్వా, నీ ఫొటో తీసుకోవచ్చా? దేనికి వాడతానో చెప్తాను” అని అడగడం నేర్చుకున్న పిల్లవాడు రేపు ఇంజినీరైనా, డాక్టరైనా మనుషులతో మర్యాదగా ఉంటాడు.

కాబట్టి నా మనవి ఇది. ఫోన్ లాక్కోకండి, అలాగని వదిలేయకండి. ఆదివారం ఒక గంట ఇవ్వండి. వంద ఫొటోలు తీయమని, అందులో పదే ఉంచమని చెప్పండి. ఆ పదింటికీ ఇంగ్లిష్‌లో ఒక్కో వాక్యం, పదేసి కీవర్డ్‌లు నోట్‌బుక్‌లో రాయించండి. ఫొటోలో మనిషి ఉంటే “అడిగావా?” అని మీరు అడగండి. ఖరీదైన కెమెరా ఇప్పుడే వద్దు. ఆరు నెలలు ఈ నోట్‌బుక్ ఆగకుండా నడిస్తే అప్పుడు ఆలోచిద్దాం. మధ్యలో ఆగిపోతే అది సరదా అని వాడికే తెలుస్తుంది, మీకు ఖర్చూ తప్పుతుంది.

ఆ నోట్‌బుక్‌ను వచ్చే మీటింగుకు మార్కుల కార్డుతో పాటు తీసుకురండి. రెండూ చూసి మాట్లాడుకుందాం.