పట్టిసీమ రేవులో మిగిలిన ఋణం

మనిషికి మనిషి చేసే మేలు రెండు విధాలు. తెలిసినవారికి చేసే మేలులో ఎంతో కొంత ప్రతిఫలాపేక్ష దాగి ఉండవచ్చును. ఎవరో తెలియని వారికి, మళ్ళీ కనబడరని తెలిసి చేసే మేలులో ఆ అపేక్షకు తావు లేదు. అయితే ఈ రెండవ విధమైన మేలు జరగాలంటే చేసేవారి మంచితనం ఒక్కటే చాలదు. అందుకునేవారి హృదయంలో కాస్త నమ్మకం కూడా ఉండాలి. ఈ సంగతిని మేము ఏ గ్రంథంలోనో చదివి చెప్పడం లేదు. పట్టిసీమ ఇసుకలో సిగ్గుపడి నేర్చుకున్నాము.

పట్టిసీమను గురించి మన విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు. పోలవరానికి చేరువలో గోదావరి నడిమధ్య నిలిచిన లంక అది. అందులోని దేవకూట పర్వతం మీద వీరభద్రస్వామి ఆలయం ఉన్నది. మహాశివరాత్రికి వేలాది యాత్రికులు పడవలలో ఏరు దాటి అక్కడికి వెళతారు. 2015లో ప్రారంభమైన ఎత్తిపోతల పథకం వల్ల ఆ పేరు ఇప్పుడు కృష్ణా తీరపు రైతులకు కూడా పరిచితమైనది. యాత్రికులే కాక, ఏటి అందం చూడవచ్చే మా వంటివారు కూడా అక్కడికి తరచుగా వెళుతుంటారు.

గత శీతకాలంలో ఒక ఆదివారం మేము సకుటుంబంగా వెళ్ళాము. ఏడేళ్ళ అబ్బాయి, నాలుగేళ్ళ అమ్మాయి, చంకలో పసివాడు. వెళ్ళేటప్పుడు ఉన్న ఉత్సాహం తిరుగు ప్రయాణానికి అడుగంటిపోయింది. పసివాడికి ఒళ్ళు వెచ్చబడి వాంతులు మొదలైనవి. పెద్దవాడు ఇసుకలో నడవలేనని కూలబడ్డాడు. పడవ దగ్గర జనం ఒకరినొకరు తోసుకుంటున్నారు. మా శ్రీమతి పసివాడితో సతమతమవుతుండగా, చేతిసంచులు సర్దుకోవడానికి మేము అమ్మాయి చెయ్యి వదిలాము. సంచి భుజాన వేసుకుని తిరిగి చూసేసరికి అమ్మాయి లేదు.

ఆ క్షణంలో గోదావరి ఎంత వెడల్పుగా కనిపించినదో వర్ణించడం మా శక్తికి మించిన పని. కొంతసేపటికి దూరాన, జనానికి అవతల, ఒక ముసలామె మా అమ్మాయి వేలు పట్టుకుని నడుస్తూ కనబడింది. పరుగెత్తాము. “ఎవరు నువ్వు? మా పిల్లను ఎక్కడికి తీసుకుపోతున్నావు?” అని గొంతు చించుకుని అరిచాము. ఆ కేకకు నలుగురు పోగయ్యారు. వారిలో ఒక యువకుడు, విషయమేమిటో అడగకుండానే, ఆమె జబ్బ పట్టుకున్నాడు.

ఆమె బెదరలేదు. “నీళ్ళ అంచుకి పోతంటే పట్టుకున్నాను బాబూ. అక్కడ ఇసక జారుద్ది. బురఖా ఏసుకున్న అమ్మ కాడ ఈ పిల్లని చూశాను. ఆయమ్మ కాడికే తీసుకెళతన్నాను” అన్నది.

ఆమె నడుస్తున్నది నిజంగా మా శ్రీమతి ఉన్న వైపే. మా శ్రీమతి వేషం ఆమెకు మా బిడ్డ ఇల్లు తెలిపే ఆనవాలు అయినది. ఆమె మాసిన చీర మాత్రం మాకు అనుమానానికి ఆనవాలు అయినది. ఈ తేడాను ఎన్ని రోజులైనా మరువలేకున్నాము.

ఆమె అంతటితో తన దారిన పోలేదు. పసివాడిని అందుకుని భుజాన వేసుకున్నది. పడవ సరంగుతో మాట్లాడి మా శ్రీమతికి నీడపట్టున చోటిప్పించింది. అవతలి రేవులో దిగాక మేము కొంత సొమ్ము ఇవ్వబోయాము. “పిల్లని పట్టుకున్నందుకు కూలా బాబూ?” అని నవ్వి, గట్టెక్కి వెళ్ళిపోయింది. క్షమించమని కూడా మేము అడగలేదు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్న సామెత మాకే వర్తించింది.

ఇందులో పెద్ద విషయమేమున్నదని కొందరు అనవచ్చును. 2018వ సంవత్సరాన్ని జ్ఞాపకం చేసుకోండి. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నవని వాట్సాప్‌లో వదంతులు వ్యాపించి, దేశంలో అనేకచోట్ల అమాయకులను కొట్టి చంపారు. ఆ జులైలో బీదరు జిల్లా ముర్కి గ్రామంలో హైదరాబాదు యువకుడొకరు మిత్రులతో కలిసి వచ్చి అలాగే మూకల చేతిలో హతుడయ్యాడు. బడిపిల్లలకు చాక్లెట్లు పంచడమే అనుమానానికి కారణమైనది. ఆ వార్త చదివిననాడు మేము ఆ మూకను అసహ్యించుకున్నాము. పట్టిసీమలో మా కేక విని నలుగురు పోగైనప్పుడు, ఆ మూక ఎలా పుడుతుందో తెలిసింది. మొదటి కేక వేసినవాడు దుర్మార్గుడే కానక్కరలేదు. భయపడిన తండ్రి అయినా చాలును.

పిల్లల విషయంలో జాగ్రత్త వద్దని మేము చెప్పడం లేదు. జాగ్రత్త వేరు, అనుమానం వేరు. పరుగెత్తి బిడ్డను అందుకోవడం జాగ్రత్త. అడగకముందే తీర్పు చెప్పడం అనుమానం. చెయ్యి వదిలిన తప్పు మాది. ఆ తప్పును కప్పిపుచ్చుకోవడానికే మరొకరి మీద నేరం మోపామని ఇప్పుడు ఒప్పుకుంటున్నాము.

పవిత్ర ఖురాన్‌లోని అన్నిసా అధ్యాయం 36వ వాక్యం ఎవరెవరికి మేలు చేయాలో చెబుతూ తల్లిదండ్రులను, బంధువులను, అనాథలను, పేదలను, ఇరుగుపొరుగువారిని పేర్కొని, పక్కనున్న సహచరుని, బాటసారిని కూడా చేర్చినది. ప్రయాణంలో పక్కన కూర్చున్నవాడు కూడా ఈ సహచరుడేనని వ్యాఖ్యాతలు వివరించారు. ఆ వాక్యం ఎన్నడూ వినని ఆ ముసలామె దానిని ఆచరించింది. చిన్ననాటి నుండి వింటున్న మేము మరిచాము. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద పర్యాటకుల పడవ మునిగినప్పుడు, ప్రాణాలతో బయటపడిన 26 మందిలో చాలామందిని ఒడ్డు చేర్చినది పక్క గూడేలవారే. వారు ఎవరి పేరూ ఊరూ అడగలేదు.

అయితే మంచివారు ఎదురుపడతారన్న భరోసాతో యాత్రలు సాగించడం వివేకం కాదు. కనుక కళాశాల పాలకవర్గానికి ఒక మనవి. వచ్చే మహాశివరాత్రికి మన జాతీయ సేవా పథకం విద్యార్థులను అధికారుల అనుమతితో పట్టిసీమ రేవుకు పంపండి. తప్పిపోయిన పిల్లలను కూర్చోబెట్టడానికి ఒక పందిరి, తాగునీరు, తెలుగు ఉర్దూ రెండూ పలకగల నలుగురు యువకులు, ఇద్దరు యువతులు ఉంటే చాలును. విద్యార్థులకు కూడా ఒక మాట. పిల్లల దొంగలని ఫోనులో వచ్చిన వార్తను విచారించకుండా మరొకరికి పంపకండి. ఆ వార్తలోని ముఖం మీ బిడ్డ వేలు పట్టుకున్న ముసలామెది కావచ్చును.

ఆమె పేరు మేము అడగలేదు. ఆ పందిరి వెలిస్తే, తొలిరోజు అక్కడ నిలబడే ఉపాధ్యాయులలో మేమొకరం.