గ్రహణకాలమున తలుపులు మూయనేల?

2025 సెప్టెంబరు 7వ తేదీ రాత్రి మన దేశమంతటికిని గోచరమగు సంపూర్ణ చంద్రగ్రహణము సంభవించెను. రాత్రి 11 గంటల 1 నిమిషము మొదలు 12 గంటల 22 నిమిషముల వఱకు పూర్ణచంద్రుడు భూమినీడలో మునిగియుండెను. ఆకసమున నిట్టి వింత జరుగుచుండగా పెక్కిండ్ల తలుపులు మూయబడియుండెను. గ్రహణము వచ్చినపుడు విద్యార్థులు లోపల దాగవలయునా, బయట నిలిచి చూడవలయునా? చూడవలయుననియే నా యభిప్రాయము.

గ్రహణమనగా నీడ, అంతకంటె వేఱొండు కాదు. పున్నమినాడు సూర్యచంద్రుల నడుమ భూమి నిలిచి, దాని నీడ చంద్రునిపై బడినచో చంద్రగ్రహణము. అమావాస్యనాడు చంద్రుడు నడుమ నిలిచి, తన నీడను భూమిపై వేసినచో సూర్యగ్రహణము. మఱి ప్రతి పున్నమికిని, ప్రతి అమావాస్యకును గ్రహణమేల రాదు? చంద్రుని మార్గము భూమి మార్గమునకు సుమారు 5 డిగ్రీలు వాలియున్నది. అందుచేత నీడ సాధారణముగా పైనుండియో క్రిందినుండియో తప్పిపోవును. ఆ రెండు మార్గములు ఖండించుకొను బిందువుల చెంత పున్నమి గాని అమావాస్య గాని పడినపుడే గ్రహణము కలుగును.

మన జ్యోతిర్గణితమున రాహుకేతువులనునవి ఆ రెండు బిందువుల పేర్లే. కావుననే పంచాంగకర్త గ్రహణమును ముందుగా గణించి, పట్టు విడుపులను నిమిషములతో జెప్పగలుగుచున్నాడు. మ్రింగవచ్చు రాక్షసుని కోపమునకు నిమిషముల లెక్క యుండునా? 499 ప్రాంతమున ఆర్యభటుడు తన గ్రంథమున సూర్యుని గప్పునది చంద్రుడనియు, చంద్రుని గప్పునది భూమినీడ యనియు జెప్పియున్నాడు. కావున ఈ జ్ఞానము పరదేశమునుండి తెచ్చుకొన్న క్రొత్త సరకు కాదు.

మన విశాఖపట్టణమునకును ఇందు భాగము కలదు. గోడే వెంకట జగ్గారావుగారు 1840లో నీ పట్టణముననే తమ సొంత ధనముతో నొక వేధశాలను స్థాపించిరి. వారి యల్లుడు అంకితము వెంకట నరసింగరావుగారు దానిని నడపి, 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబమునకు అడ్డముగా నడచుటను పరిశీలించిరి. అదియు మూడు గోళము లొక వరుసను నిలుచుటయే. అంతకు ముందు 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణమును జూచుటకై ఫ్రెంచి పండితుడు జాన్సెన్ గుంటూరునకు వచ్చి, సూర్యుని యంచున లేచు జ్వాలల కాంతిని విడదీసి పరీక్షించెను. ఆ యేటి పరిశోధనలలో గనబడిన పసుపుపచ్చని రేఖయే హీలియమను మూలకపు తొలిజాడ. అది భూమిపై దొరకినది 1895లో. సముద్రములు దాటి యొకడు మన గడ్డకు గ్రహణము చూడ వచ్చెను. మనము మన వాకిటికి రాలేమా?

పెద్దల భయమును పరిహసింపరాదు. అందొక సత్యము కలదు. సూర్యగ్రహణమును వట్టి కన్నులతో జూచినచో చూపు చెడును. మసిపట్టిన గాజుపలకయు, పళ్లెములోని నీళ్లును కన్నులను గాపాడజాలవు. ఇందులకై చేసిన ప్రమాణముగల కండ్లద్దములు వలయును. లేదా అట్టముక్కకు చిన్న రంధ్రము చేసి, సూర్యుని వైపు వీపు త్రిప్పి నిలిచి, ఆ రంధ్రముగుండ గోడపై బడు సూర్యబింబమును జూడవలయును. చంద్రగ్రహణమునకు ఈ జాగ్రత్తయు నక్కఱలేదు. గర్భిణీస్త్రీలను అన్నపానములు లేక చీకటిగదిలో నుంచుట మాత్రము మానదగినది. నీడ గర్భములోని శిశువును తాకదు. తల్లి యాకలి దప్పులు తాకును.

గ్రహణవేళ పళ్లెములో రోకలి తనంతట నిలుచుననుట మన యిండ్లలో వాడుక. విద్యార్థులారా, గ్రహణము లేనినాడును ఓపికతో నిలిపి చూడుడు. అడుగు చదునుగా నున్నచో నిలుచును. మనకు వలసినది ఇట్టి పరీక్షయే. సూర్యచంద్రుల యాకర్షణ నిజముగా జేయు పనిని జూడగోరినచో పున్నమికిని అమావాస్యకును సముద్రతీరమునకు బొండు. ఆ దినములలో పోటు హెచ్చుననుట మన జాలరి సోదరు లెఱిగినదే.

కావున రాబోవు గ్రహణమునాడు మన పాఠశాల ఆటస్థలమున ఉపాధ్యాయులు, విద్యార్థులు, తల్లిదండ్రులు కలిసి నిలువవలయునని నా మనవి. ఒక్క జాము చాలును. సృష్టికర్త యేర్పఱచిన నియమము నిమిషము తప్పక నెఱవేఱుట కన్నులార జూచిన బాలుడు మఱల నీడకు వెఱవడు.