అంగుళాల నీరు, లీటర్ల లెక్క

పల్నాడు జిల్లా రాజుపాలెం ప్రాంతంలో రైతు తన బోరు గురించి చెప్పేటప్పుడు "రెండంగుళాల నీరు" అనో, "నాలుగంగుళాల నీరు" అనో అంటాడు. ఆ నీటిని సెకనుకు ఎన్ని లీటర్లో చెప్పమంటే, ద్రవ యాంత్రిక శాస్త్రంలో ఉత్తమ శ్రేణిలో ఉత్తీర్ణుడైన విద్యార్థి సైతం తడబడవచ్చు. ఈ లోపానికి కారణం విద్యార్థి తెలివితేటలు కావు, పాఠం చెప్పే తీరు.

బోరు నీటిని 90 డిగ్రీల వి-నాచ్ పలక మీదుగా పారించి చూసినప్పుడు నాచ్ అడుగు కొన నుండి నీటి ఎత్తు రెండంగుళాలు ఉంటే ప్రవాహం సెకనుకు సుమారు 0.8 లీటరు. ఎత్తు నాలుగంగుళాలు అయితే అది సుమారు 4.5 లీటర్లు. ఎత్తు రెట్టింపయితే ప్రవాహం ఐదున్నర రెట్లు దాటుతుంది. ఎకరా మిరపకు 5 సెంటీమీటర్ల తడి ఇవ్వాలంటే దాదాపు 2 లక్షల లీటర్ల నీరు కావాలి. దారిలో నష్టాలను లెక్కించకపోయినా మొదటి బోరుకు 70 గంటలు, రెండవదానికి పన్నెండున్నర గంటలు పడుతుంది. ఇద్దరికీ ఒకే సిఫారసు చేసిన విస్తరణ శాస్త్రవేత్త ఇద్దరిలో ఒకరికైనా పొరపాటు సలహా ఇచ్చినట్లే. నల్లరేగడిలో నీరు నిలిస్తే మిరప తట్టుకోలేదు. తడి చాలకపోతే పూత రాలుతుంది.

కాలువ నీటి విషయమూ ఇంతే. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడుదలయింది. నాటి నుండి కుడి కాలువ ఆయకట్టులో ఎగువ రైతుకు, చివరి భూముల రైతుకు మధ్య తగవు తీరలేదు. ఈ తగవులో నీటి విడుదలతోపాటు పిల్ల కాలువల స్థితికీ పాత్ర ఉంది. రాబర్ట్ మానింగ్ 1889లో ప్రతిపాదించిన సూత్రం ప్రకారం వాలు, లోతు మారకుండా కాలువ గరుకుదనం రెట్టింపయితే ప్రవాహం సగానికి పడిపోతుంది. తూటికాడ, నాచు పెరిగిన పిల్ల కాలువలో జరిగేది అదే. తరగతిలో ఈ గరుకుదనం పట్టికలో ఇచ్చిన ఒక అంకె మాత్రమే. గట్టు మీద నిలబడిన విద్యార్థికి అది చివరి పొలానికి చేరని నీరు.

ముందు గణితం రావాలి, కొలతలు తరువాత నేర్చుకోవచ్చునని కొందరు ఆచార్యుల వాదన. అందులో న్యాయం లేకపోలేదు. బెర్నూలీ సమీకరణం తెలియనివాడు పలక పెట్టినా యాంత్రికంగానే పెడతాడు. అయితే వి-నాచ్ మీదుగా వాస్తవంగా పారే నీరు ఆ సమీకరణం చెప్పే పరిమాణంలో దాదాపు 58 శాతమే. నాచ్ దాటిన ధార కుంచించుకుపోవడమే ఇందుకు ముఖ్య కారణం. దానిని కంటితో చూసిన విద్యార్థికి గుణకం అంటే ఏమిటో మరల చెప్పనక్కరలేదు. కనుక గణితాన్ని తగ్గించవలసిన పని లేదు, దానికి పొలాన్ని జతచేయాలి.

ఇందుకు పెద్ద వ్యయమేమీ అవసరం లేదు. ఒక రేకు పలక, స్కేలు, టేపు, గడియారం, తేలడానికి ఒక బెండు ముక్క చాలు. బెండు వేగాన్ని 0.85తో గుణిస్తే కాలువలో సగటు వేగం స్థూలంగా తెలుస్తుంది. బాపట్ల వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థులు సాగర్ నీరు పారే రోజుల్లో రాజుపాలెం వంటి ఒక గ్రామంలో రెండు రోజులు గడిపి, ఒక పిల్ల కాలువను మొదట్లో, మధ్యలో, చివర కొలిచి, ఆ అంకెలను అక్కడి రైతులకే వివరించాలి. ప్రయోగ పరీక్ష మార్కులలో కొంత భాగం ఆ వివరణకు కేటాయించాలి.

"నా బోరు ఎన్ని గంటలు వేయాలి?" అన్నది రైతు ప్రశ్న. దానికి గంటలలో సమాధానం చెప్పగలిగిననాడే విద్యార్థికి ఆ శాస్త్రం వచ్చినట్లు.