చదవనిస్తుంది, రాయనివ్వదు

రాసినవాడికే తన రాత మీద చెయ్యి వెయ్యడానికి హక్కు లేకుండా పోవడం ఈ కాలపు వింతల్లో ఒకటి. నిన్న రాత్రి దాకా చెప్పినట్టు విన్న ఫైలు, ఈవేళ పొద్దున తెరిస్తే నెత్తిన 'రీడ్ ఓన్లీ' అని రాసుకుని కూర్చుంటుంది. చదువుకో, అంతే, అక్షరం కదపడానికి వీల్లేదు అని దాని భావం. దీన్ని తెలుగులో ఏమనాలని మా స్టాఫు రూములో ఒకపూట చర్చ జరిగింది. 'పఠనమాత్రం' అన్నారు సంస్కృతం లెక్చరరుగారు. 'మ్యూజియం సరుకు' అన్నారు లెక్కల లెక్చరరుగారు. తెలుగు చెప్పుకు బతికేవాణ్ణి అయినా, నాకు రెండోదే నచ్చింది.

పెళ్లి శుభలేఖ దగ్గర్నుంచి అపార్టుమెంటు సంఘం లెక్కల దాకా అన్నీ వర్డులోనే రాసుకుంటున్నాం కనుక ఈ గండం ఏ ఇంటికైనా రావచ్చు. వచ్చినప్పుడు మనవాళ్లు సాధారణంగా రెండు పనులు చేస్తారు. ఫైలు పాడైపోయిందని నిశ్చయించుకుని మొదటినుంచీ మళ్లీ కొట్టడం ఒకటి. కనిపించిన మీటలన్నీ నొక్కడం రెండోది. నిజానికి చాలాసార్లు ఫైలుకు ఏమీ కాదు. ఎవరో తాళం వేశారు. ఆ వేసిందెవరో కనుక్కోవడమే మన పని.

మా దగ్గర పరిశోధన చేస్తున్న ఒకమ్మాయికి సిద్ధాంత గ్రంథం సమర్పించడానికి ఇంకా రెండు రోజులుందనగా, రాత్రి ఫైలు దిద్దుతూంటే కరెంటు పోయింది. తెల్లవారి తెరిస్తే 'ఈ ఫైలును మరొకరు వాడుతున్నారు' అంది యంత్రం. ఆ ఇంట్లో మరొకరంటే భర్తా, ఆరేళ్ల కొడుకూను. ముందు అనుమానం కొడుకు మీద పడింది, వాడు ఏడ్చాడు. తరవాత భర్త మీదికి మళ్లింది. "నీ గ్రంథం నేనెందుకు ముట్టుకుంటాను? ఒక్క పేజీ చదవమంటేనే వీధిలోకి పారిపోతాను గదా!" అన్నాడట పాపం. నాకు ఫోను చేసేసరికి, అచ్చు కాగితాలు ముందు పెట్టుకుని మళ్లీ కొట్టడం మొదలెట్టేసింది. "మేష్టారూ, పదకొండు పేజీలయ్యాయి. ఇంకా రెండు వందల ఎనభై ఉన్నాయండీ" అంది. గొంతులో నాలుగేళ్ల శ్రమ వణుకుతోంది.

ఆ మరొకరు ఎవరో కాదు, ఆ అమ్మాయే! ఎల్లాగంటారా? బస్సు కిటికీలోంచి సీటు మీద తువాలు వెయ్యడం మనకు తెలిసిందే గదా. వర్డు కూడా ఫైలు తెరిచినప్పుడల్లా దాని పక్కనే ఒక బుల్లి ఫైలు పడేస్తుంది, కంటికి కనపడకుండా. తెరిచినవారి పేరు అందులో ఉంటుంది. మనం ఫైలు మూసేటప్పుడు ఆ తువాలు తనే తీసేస్తుంది. కరెంటు పోయి యంత్రం ఒక్కసారిగా ఆగిపోతే తువాలు తీసే నాథుడుండడు. మర్నాడు మనమే వెళ్లినా, సీటు ఖాళీ లేదంటుంది.

వర్డు కిటికీలన్నీ మూసి, కంప్యూటరు ఒకసారి ఆపి మళ్లీ వెయ్యమన్నాను. కొన్నిసార్లు అంతటితోనే సరిపోతుంది. పైకి మూసినట్టు కనిపించినా వర్డు తెర వెనక బతికే ఉండవచ్చు, అది అప్పుడు పోతుంది. ఆమెకు పోలేదు. గ్రంథాన్ని పెన్‌డ్రైవులోకి ఒక నకలు తీయించి, ఫోల్డరులో 'వ్యూ' కింద దాచిన ఫైళ్లు చూపించే చోట టిక్కు పెట్టమన్నాను. ~$ అనే గుర్తులతో మొదలై, గ్రంథం పేరే తగిలించుకున్న చిన్న ఫైలు బయటపడింది. "అది తీసెయ్యమ్మా. పక్కనున్న పెద్దది మాత్రం ముట్టుకోకు" అన్నాను. ఫైలు తెరుచుకుంది. కొడుక్కి ఆ సాయంత్రం ఐస్‌క్రీము దక్కిందని విన్నాను.

అయితే ఆఫీసులో నలుగురూ వాడే ఫైలయితే, ఆ తువాలు నిజంగానే ఎవరిదో కావచ్చు సుమండీ. అడక్కుండా లాగేస్తే ఒకరు రాసింది మరొకరి రాత కింద పడి నలిగిపోతుంది. తెర మీద పేరు కనపడితే, ముందు ఆయన్ని కాఫీకి పిలిచి అడగండి.

తెర పైన పసుపు పట్టీ వేసి 'ప్రొటెక్టెడ్ వ్యూ' అంటే సంగతి వేరు. ఇది 2010 నాటి వర్డుతో వచ్చిన కాపలా. మెయిల్లోనో ఇంటర్నెట్టులోనో వచ్చిన ఫైలును, గుమ్మం దగ్గర కొత్తమనిషిని నిలబెట్టినట్టు నిలబెడుతుంది. 'ఎనేబుల్ ఎడిటింగ్' అన్న మీట నొక్కితే లోపలికి వచ్చేస్తుంది. పంపినవారు మీకు తెలిసి, ఆ ఫైలు వస్తుందని ముందే తెలిస్తేనే నొక్కండి. చదవడానికి ఆ మీట అక్కర్లేదు. 'ఈ బిల్లు చూడాలంటే పై మీట నొక్కండి' అని ఫైలులోనే రాసి ఉంటే, అది దొంగ తలుపు తట్టడమే. అల్లాటి ఫైళ్లలో దాగి వచ్చే మాక్రోలను మైక్రోసాఫ్టువారు 2022 నుంచి వాటంతట అవి నడవకుండా ఆపుతున్నారు. ఆ ధైర్యంతో గుమ్మం తెరిచి పెట్టడం మాత్రం నాకు నచ్చదు.

జిప్ మూటలోంచి ఫైలును నేరుగా తెరవడం ఇంకో తంటా. మీరు చూస్తున్నది తాత్కాలికంగా విప్పిన నకలు. అందులో దిద్దినది మూటలోకి తిరిగి చేరదు. ఒక అపార్టుమెంటు కార్యదర్శిగారు ఇల్లాగే రెండు గంటలు లెక్కలు దిద్ది, 'వేరే పేరుతో దాచమంటారా' అని యంత్రం అడిగితే 'వద్దు' అన్నారు. ముందు ఫైలును మీ ఫోల్డరులోకి తెచ్చుకుని, అప్పుడు తెరవండి.

మిగతావి చిన్నవి. ఫైలు మీద కుడి మీట నొక్కి 'ప్రాపర్టీస్' చూస్తే 'రీడ్ ఓన్లీ' పక్కన టిక్కు ఉండవచ్చు, తీసెయ్యండి. 'మార్క్ యాజ్ ఫైనల్' అని ఎవరైనా ముద్ర వేసి ఉంటే 'ఎడిట్ ఎనీవే' నొక్కండి. రాసినవారు మార్చకుండా పాస్‌వర్డు పెట్టి ఉంటే అది వారి ఇష్టం, వారినే అడగాలి. ఏ ఫైలు తెరిచినా ఇదే పాటయితే, వర్డు చందా గడువు అయిపోయిందేమో చూడండి. అప్పుడు చదవనిస్తుంది, అచ్చు తియ్యనిస్తుంది, రాయనివ్వదు. చందా కట్టేలోగా, ఖర్చులేని లిబ్రే ఆఫీసులో అదే ఫైలు తెరిచి పని కానిచ్చుకోవచ్చు.

తొందర పనయితే, 'సేవ్ యాజ్' అని వేరే పేరుతో నకలు తీసుకుని అందులో రాసుకోవడం చాలాసార్లు కుదురుతుంది. కాని అప్పటినుంచి ఇంట్లో కవలలుంటారు. ప్రెస్సుకు వెళ్లేది ఎప్పుడూ దిద్దని కవలే. అందుకని ఆపూటే పాతదాని పేరు ముందు 'పాత' అని చేర్చి, కొత్తదానికి తేదీ వెయ్యండి.