బస్సు మనదైతే దారి చెప్పే హక్కూ మనదే

2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్‌రోడ్డు మీద ఆర్టీసీ బస్సు లోయల పడి 60 మందికి పైగా పానాలు పోయినయి. బస్సుల ఉండాల్సినోళ్లకంటె ఎక్కువ మంది ఉండిరి. ఊర్లకు బస్సులు చాలకపోతే జనం ఏం జేస్తరు?

2023 డిసెంబర్ 9 నుంచి ఆడోళ్లకు టికెట్ లేదు. మంచిదే. కని ఉట్నూరు, జైనూరు దిక్కు బస్సు పోని గూడేలకు ఉచితం ఏం అక్కెరకొస్తది?

2025 మార్చిల మహిళా సమాఖ్యల బస్సులు ఆర్టీసీకి కిరాయికి నడుసుడు షురువైంది. అసలు తొవ్వ ఇదే. సర్కారు ఆ పైసలు ముందుగల గూడేల బస్సులకియ్యాలె. ఏ యాళ్లకు, ఏ తొవ్వల, ఎన్ని బస్సులు కావాల్నో గ్రామసభ తేల్చాలె.

2011 సకల జనుల సమ్మెల చక్రం ఆపి కొట్లాడినం. ఆ చక్రం గూడెం దాకా తిరగాలంటున్నం. తప్పా?